ఆది జాకెట్టు

పై అరలో ఉన్న వంగపండు రంగు తాను తీయాలంటే రామతులసి మొగుణ్ణి పిలవాలి. ఆ పూట ఆయన కొట్టు మెట్ల మీద నిలబడి, మార్కాపురం జిల్లా అయితే కలెక్టరాఫీసు ఎటువైపు వస్తుందో పక్కకొట్టాయనతో తేలుస్తున్నాడు. అంత రాచకార్యం మధ్యలో వదిలేసి వచ్చే మనిషి కాదు ఉమామహేశ్వర్లు.

"చెయ్యి చాపితే అందేదానికి కూడా నేనే రావాల్నా?" అన్నాడు అక్కణ్ణుంచే.

చెయ్యి చాపితే అందదు. నాలుగేళ్ళుగా రామతులసి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసిన సంగతిని రోజూ పొద్దున్నే మర్చిపోయే సౌకర్యం మాత్రం ఆ ఇంట్లో ఆయన ఒక్కడికే ఉంది. మ్యాచింగ్ సెంటరు ఆయన పేరు మీద ఉంది, గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఆయనది. షట్టరు లేపింది మొదలు చీరలు పట్టుకొచ్చే ఆడవాళ్ళ ముందు తానులు పరచడం, చీర అంచుకు గుడ్డ పెట్టి చూపించడం, కొలవడం, కత్తెరతో గంటు పెట్టి చర్రున చించడం, విప్పినవన్నీ మళ్ళీ చుట్టడం రామతులసి పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎవరైనా "మీ ఇంటావిడ ఏం చేస్తారు?" అనడిగితే మాత్రం, "ఏం చెయ్యదు. ఇంట్లో తోచక కొట్లోకి వచ్చి కూర్చుంటాది" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె ఎవరికో తాను చించుతూనే ఉంటుంది.

"నువ్వుండు శెట్టెమ్మా" అంది ఎదురుగా నిలబడ్డ చెన్నమ్మ. కొనకనమిట్ల దగ్గరి పల్లె ఆమెది. సంతలో గొర్రెలమ్ముకున్న రోజున కొట్టుకు వచ్చి, ఒక్క రవికగుడ్డకు పది తానులు విప్పించి, తృప్తిగా ఎనభై సెంటీమీటర్లు చింపించుకుని పోతుంది. చీర బల్ల మీద పడేసి, స్టూలెక్కి, రెండు చేతులూ పైకి చాచి తానును లాగి దించింది.

"చేతికేమైంది తల్లీ?"

"రొమ్ములో గడ్డొచ్చి ఆపరేషనైంది చెన్నమ్మా. ఐదేండ్లైంది."

"నాకూ అయింది గదా. ఒంగోలులో తీసేసినారు. ఇంటికొచ్చినాను, నెలకంతా మళ్ళా గొర్రెల ఎనక పోయినాను." పైట కొంచెం పక్కకు జరిపి ఎడమపక్క చదునుగా ఉన్న చోట అరచేత్తో తట్టింది. "నా చెయ్యి లేస్తాంది. నీదెందుకు లేవట్లేదు?"

"నాకు తీసేసి, లోపల సిలికానుది పెట్టినారు."

"యాడ, పట్టి చూడనీ" అంది చెన్నమ్మ. అడగడం, చెయ్యి వేయడం ఒకేసారి జరిగిపోయాయి. కొట్లో ఇంకో మనిషి లేదు. రెండు వేళ్ళతో నొక్కి చూసి మొహం చిట్లించింది. "రాయి మాదిరుంది గదే. ఎవరి కోసం పెట్టుకున్నావిది?"

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఈ గొర్రె ఎంతకిస్తావని అడిగినంత మామూలుగా అడిగి, గుడ్డ చంకలో పెట్టుకుని చెన్నమ్మ బస్సుకు వెళ్ళిపోయింది. ప్రశ్న మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

ఎవరి కోసం? చుట్టాల్సిన తానులు ఎదురుగా గుట్టగా పడి ఉండగా రామతులసి ఆలోచించింది. హైదరాబాదులో ఆ రోజు డాక్టరు ఎంతో మర్యాదగా, ఇటు తీసేయడం, అటు నింపేయడం ఒకేసారి చేసేస్తాం, సైజు ఏది పెట్టమంటారు అని అడిగాడు. మంచం మీద పడుకున్న మనిషిని కాదు, ఎదురు కుర్చీల్లో కూర్చున్న ఇద్దర్నీ అడిగాడు. అత్త వెంకటలక్ష్మమ్మ చేతిసంచిలోంచి ఆది జాకెట్టు తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది. పెళ్ళైన కొత్తలో చక్కగా కుదిరిన జాకెట్టు అది. కొలతకని దర్జీ అన్నమ్మకు ఇస్తే, ఇన్నేళ్ళూ దాన్ని ముందు పెట్టుకునే అన్ని జాకెట్లూ కుట్టింది. టేపు తీసి మనిషిని కొలిచే పనే పడలేదు. ఒళ్ళు కొంచెం అటూ ఇటూ అయితే లోపల వదిలిన కుట్లు విప్పుకోవడమే. "దీనికి సరిపోయేట్టు పెట్టండి నాయనా. బీరువాలో నలభై జాకెట్లుండాయి, మగ్గం వర్కువి. అన్నీ దండగైపోతాయి" అంది అత్త. డాక్టరు నవ్వాడు. ఉమామహేశ్వర్లు నవ్వాడు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, రామతులసి కూడా నవ్వింది. ప్రాణం ఉంటుందో పోతుందో తెలియని మనిషికి జాకెట్ల గొడవ ఏం పడుతుంది? చెప్పుకు సరిపోయేట్టు కాలు కోసుకోవడం అంటే ఇదేనని ఆమెకు అప్పుడు తట్టలేదు.

ప్రాణం దక్కింది. గడ్డ మళ్ళీ రాలేదు. రెండో ఏడు నుంచి ఆ లోపలిది బిగుసుకోవడం మొదలైంది. దాని చుట్టూ ఒళ్ళే గట్టిగా పొర కట్టుకుంటుంది, కొందరికి అట్లా అవుతుంది అన్నారు. పైన చర్మానికి స్పర్శ లేదు, కాఫీ ఒలికినా తెలియదు. లోపల మాత్రం ఎవరో ఎముకకు తాడు కట్టి లాగుతున్నట్టు ఒకటే సలుపు. చలికాలం పొద్దున్నే లేస్తే ఒళ్ళంతా వెచ్చగా ఉండి అదొక్కటి చల్లగా ఉండేది. బోర్లా పడుకోవడం పోయింది. కుడివైపు ఒత్తిగిలడం పోయింది. ఎవరైనా ఆప్యాయంగా కౌగిలించుకోబోతే భుజం అడ్డం పెట్టడం అలవాటైంది. నొప్పంటే, "బతికినందుకు సంతోషించు" అనేది అత్త. "అట్ల మూలిగితే కొట్టుకొచ్చినోళ్ళు ఏమనుకుంటారు?" అనేవాడు మొగుడు.

తనకు తాకినా తెలియదు. మొగుడు ఐదేళ్ళలో అటువైపు చెయ్యి వేసిందే లేదు. పోనీ లోకం చూస్తుందా అంటే, ఉన్నది కుడిపక్క, పొద్దస్తమానం పైట కింద. ఇంక మిగిలింది బీరువాలో నలభై జాకెట్లు. వాటి కోసం తను ఐదేళ్ళుగా రాయి మోస్తోంది. ఇంత తేలిక సంగతి చెన్నమ్మ వచ్చి అడిగేదాకా బుర్రకెక్కనందుకు రామతులసికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంటతోనే తానులన్నీ చుట్టి పెట్టేసి, "గుంటూరు పోదాం, డాక్టరుకు చూపించుకోవాల" అని మొగుడితో చెప్పింది. అడగలేదు, చెప్పింది.

చూపించుకోవడానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. తీసేయించుకుంటానన్నప్పుడు లేచింది గాలివాన.

"ఉత్తగా వదిలేస్తే ఎట్లనే? మాఘంలో గిద్దలూరులో మనోళ్ళ పిల్ల పెండ్లి. పదిమంది కండ్లూ నీ మీదే ఉంటాయి" అంది వెంకటలక్ష్మమ్మ.

"పైట కిందిదాన్ని పదిమంది ఎట్ల చూస్తారత్తమ్మా?"

"మాటకు మాట బాగా నేర్చినావు."

ఉమామహేశ్వర్లు మధ్యవర్తిలాగా గొంతు సవరించుకున్నాడు. "పాతది తీయించి కొత్తది పెట్టించుకో. ఖర్చుకు నేను వెనకాడేవాణ్ణి కాదు" అన్నాడు. అదేదో ఇంట్లో ఫ్రిజ్జు మార్చే సంగతిలాగా.

గుంటూరులో డాక్టరమ్మ సన్నగా, తొందర లేని మనిషి. చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసింది, స్కానింగు కాగితాలు చూసింది. "దీన్ని ఉంచడంలో అర్థం లేదమ్మా. తీసేసి కొత్తది పెట్టొచ్చు. కొత్తదీ కొన్నాళ్ళకు బిగుసుకోవచ్చు. లేదా తీసేసి అలాగే వదిలేయొచ్చు. మీకేది కావాలి?"

"కొత్తది పెట్టండి మేడం" అన్నాడు ఉమామహేశ్వర్లు.

"నేను ఆమెను అడిగాను."

ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేలమంది ఆడవాళ్ళను 'మీకేది కావాలమ్మా' అని అడిగి ఉంటుంది రామతులసి. ఆ ప్రశ్నను తనవైపు తిప్పి ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం అలవాటు లేదు.

"తీసేసి వదిలేయండమ్మా" అంది.

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం లే" అన్నాడాయన గొంతు తగ్గించి.

"ఇంట్లో మాట్లాడుకునేదేముంది? ఐదేండ్లలో మీరొక్కసారి ఆ పక్క చెయ్యి వేసినారా?"

పరాయి మనిషి ముందు అనాలని అనుకున్న మాట కాదు, వచ్చేసింది. డాక్టరమ్మ తల వంచుకుని కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఉమామహేశ్వర్లు మొహం ఎర్రబడింది, కాసేపటికి వాడిపోయింది.

"నొప్పి పుడతాదేమోనని వెయ్యలేదు" అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ.

"అడగొచ్చు గదా."

ఎప్పుడూ ఆయనే సంతకం చేసే కాగితాన్ని డాక్టరమ్మ ఆమెవైపు జరిపింది. రామతులసి తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, తీరిగ్గా రాసింది.

ఆపరేషను రోజున ఆసుపత్రిలో సంచి విప్పితే తువ్వాలు కింద ఆది జాకెట్టు కనిపించింది. కోడలి మనసు ఆఖరి నిమిషంలోనైనా మారకపోదా అని అత్త సర్దిన సర్దుడు. రామతులసికి కోపం రావాలి, నవ్వొచ్చింది. ఇంత పట్టుదల కలెక్టరాఫీసు మీద పెడితే జిల్లా ఎప్పుడో వచ్చి ఉండేది.

మెలకువ వచ్చేసరికి కట్టు ఉంది, నోరు చేదుగా ఉంది, కుట్ల మంట ఉంది. అయినా ఏదో లేదు. ఏం లేదో తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. ఊపిరి పీలిస్తే ఆ పీల్చిన గాలి ఎక్కడా అడ్డు తగలకుండా నేరుగా అడుగుదాకా పోయింది. మళ్ళీ పీల్చింది. మళ్ళీ. ఎముకకు కట్టిన తాడు తెగిపోయింది. "నొప్పిగా ఉందా అమ్మా?" అంది నర్సు. ఉంది, కానీ ఇది మానే నొప్పి. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే రామతులసి నవ్వింది. నర్సు కంగారుపడి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

పక్కన గాయంలోంచి ఓ సన్నటి గొట్టం, దాని చివర నీరు దిగే చిన్న సీసా ఉన్నాయి. వారం రోజులు దాన్ని వెంటేసుకు తిరగాలి. ఎక్కడ తగిలించుకోవాలి? రామతులసి సంచిలోంచి ఆది జాకెట్టు తీసి, సీసాను అందులో మూటగట్టి, జాకెట్టు చేతులు రెండూ ముడివేసి మెడకు తగిలించుకుంది. ఇన్నేళ్ళలో ఆ జాకెట్టు తనకు ఇంత బాగా కుదరడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక మొదటిసారి కట్టు లేకుండా స్నానానికి వెళ్ళినప్పుడు అద్దంలో చూసుకుని ఏడ్చింది. ఆ మాట దాచాల్సిన పని లేదు. ఐదేళ్ళ కింద పోయినదాని కోసం ఇప్పుడు ఏడ్చింది. అప్పుడే నింపేశారు కాబట్టి, అప్పుడు ఏడవడానికి చోటే లేకపోయింది. తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టుకుంది. వెచ్చగా ఉంది. తన ఒళ్ళే. గొట్టం తీసి, కుట్లు మానాక ఒక మధ్యాహ్నం బోర్లా పడుకుంది, దిండును కావలించుకుని. సాయంత్రం కాఫీకి లేపితే లేవలేదు.

డాక్టరమ్మ చెప్పిన వ్యాయామం ఒకటే. గోడకు ఎదురుగా నిలబడి కుడిచేతి వేళ్ళను గోడ మీద పైకి పాకించాలి. ఎక్కడిదాకా పోతే అక్కడ బలపంతో గీత గీసింది. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో బలపాలకేం కరువు. "సున్నమేసిన గోడంతా ఖరాబు చేస్తాంది" అని మొదటి వారం వెంకటలక్ష్మమ్మ సణిగింది. రెండో వారం జావ గిన్నె తెచ్చి పక్కన పెట్టి, కూర్చుని చూసింది. మూడో వారం ఓ రోజు గీత గీయడం మర్చిపోయి రామతులసి వెళ్ళిపోబోతే, "నిన్నటికన్నా రెండు వేళ్ళు పైకి పోయినావు. గియ్యి" అంది. రక్తం మరక వదలని ఆది జాకెట్టును తనే వంటింట్లోకి తీసుకుపోయి, దాంతో అన్నం గిన్నె దించింది.

"మరి ఆ నలభై?" అని మాత్రం అడిగింది, ఆశ చావక.

"వాటికి సరిపోయే మనిషి దొరికితే ఇచ్చెయ్యండత్తమ్మా. నేనైతే దొరకను."

కొట్లో మళ్ళీ అడుగుపెట్టిన రోజున రామతులసి స్టూలెక్కి, కుడిచెయ్యి పైకి చాచి, వంగపండు రంగు తాను తనే దించుకుంది. గల్లాపెట్టె దగ్గర్నుంచి ఉమామహేశ్వర్లు లేచి వచ్చాడు. "పిలవొచ్చు గదా" అని, "నొప్పి పుడతాందా?" అనడిగాడు. "లేదండీ" అంది. ఎనభై సెంటీమీటర్లు కొలిచి, గంటు పెట్టి, చర్రున చించింది.

ఆ గుడ్డ పట్టుకుని అన్నమ్మ దగ్గరికి వెళ్ళింది. మిషను ఆపకుండానే అన్నమ్మ చెయ్యి చాపింది.

"ఆది జాకెట్టు తెచ్చినావా అమ్మా?"

"అది మసిగుడ్డయింది. టేపు తియ్యి అన్నమ్మా."

అన్నమ్మ తలెత్తి ఆమెను చూసింది. గోడకు వేలాడుతున్న టేపు తీసుకుని లేచింది. "చేతులు కొంచెం ఎత్తు."

రామతులసి రెండు చేతులూ తలపైదాకా ఎత్తింది.

"అంత అక్కర్లేదమ్మా, కొంచెం చాలు."

"ఉండనీ."

చుట్టూ టేపు తిప్పి, అంకె చూసుకుని, పుస్తకంలో రాయబోతూ అన్నమ్మ ఆగింది. గొంతు తగ్గించింది. "కుడిపక్క లోపల కప్పు పెట్టి కుట్టమంటావా? రెండు పక్కలా సమానంగా అగుపడతాది."

"వద్దు" అంది రామతులసి, ఎత్తిన చేతులు దించకుండానే. "ఎంతుంటే అంతే కుట్టు."