ముత్యానికి పోసిన మందు

ముత్యం మా పెళ్లి గుర్రం. బరాత్‌లలో పెళ్లికొడుకులను మోసే తెల్లటి ఆడగుర్రం. గోదావరిఖనిలో మా కొడుకు ఉపేందర్ బతుకంతా దాని మీదే. అది లేకపోతే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి పోతానని వాడు ఎప్పటినుంచో అంటున్నాడు. వాళ్ల బాపు రాయమల్లు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి, ఇప్పుడు గడప దాటితే ఆయాసపడతాడు. కొడుకును కూడా ఆ దుమ్ములోకి పంపితే నేను బతకలేను. అందుకే ముత్యం తుమ్మినా నా గుండె జారేది.

సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ నెలలో ఒకనాడు పొద్దున అది మేత ముట్టలేదు. కాలితో నేల గీరుతూ, మెడ తిప్పి కడుపునే చూసుకుంటోంది. ఉపేందర్ జ్యోతినగర్‌లో ఉండే పశువుల డాక్టరు విజయేంద్ర సారుకు ఫోను చేసి బండి తీశాడు.

"అవ్వా, సారును తోల్కొస్త. నడిపిస్తనే ఉండుండ్రి, పండనియ్యకుండ్రి. నోట్లె మాత్రం ఏం పొయ్యొద్దన్నడు. బాపుకు గట్టిగ చెప్పు."

గంట గడిచింది. రోడ్డు మీద రాస్తారోకో, ఆగిపోయామని ఫోను వచ్చింది. ఈలోపు ముత్యం కూలబడి దొర్లింది. లేపేసరికి మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. దాని కడుపు కుండలా ఉబ్బింది.

"ఇంక ఎంతసేపు సూస్తవే?" అని మా ఆయన వెనక వాడకట్టు నుంచి గట్టయ్యను పిలుచుకొచ్చాడు. ఆయనకు బావ వరస, నాకు అన్న వరస. కమాన్‌పూర్ చుట్టుపక్కల ఎడ్లకు, బర్లకు నాటుమందు ఇస్తాడు.

"గాలి చేరింది చెల్లె. ఆముదంల వాము, ఇంగువ కలిపి పోస్తే గంటల సాఫైతది."

"ఏం పొయ్యొద్దన్నడే అన్నా సారు."

"పొయ్యొద్దన్న సారేడి మరి? రాస్తారోకోల నినాదాలిస్తున్నడా?"

చచ్చిపోతుందేమోనన్న భయం ఒక్కటే ఉంది. తాడు నేనే పట్టుకున్నాను.

గట్టయ్య ఎద్దుకు చేసినట్టే దాని తల పైకెత్తి కట్టి, వెదురు గొట్టం నోటి పక్కన పెట్టి పోశాడు. ఎద్దయితే గుటక వేసేది. ముత్యం పెనుగులాడింది, దగ్గింది. ముక్కులోంచి నూనె కారింది.

"గన్ని సుక్కలు అస్తయి తియ్" అన్నాడు గట్టయ్య. నేను కొంగుతో తుడిచాను.

గట్టయ్య పోయిన కాసేపటికే ఉపేందర్‌తో సారు వచ్చాడు. మొదటి మాటే, "నోట్లె ఏమన్న పోసిన్రా?"

మా ఆయన నేల చూశాడు. పోయినేడు పక్క వాడకట్టులో ఒకరు తమ బర్రెకు నాటుమందు పోశామని చెప్పినందుకు, ఈ సారు దాన్ని ముట్టకుండానే పోయాడు. గోదావరిఖనిలో గుర్రాన్ని చూసే డాక్టరు ఇంకొకరు లేరు.

"లేదు సార్" అన్నాను.

రెండు సూదులు వేశాడు. ముక్కులోంచి కడుపులోకి పైపు దింపి ఏదో మందు పంపాడు. సాయంత్రానికి ముత్యం లద్ది వేసింది. "సూసినవా అవ్వా, సారు సూది!" అని ఉపేందర్ ఎగిరాడు. "మా బావ మందే" అని మా ఆయన నా చెవిలో అన్నాడు. ఇద్దరికీ తల ఊపాను.

మర్నాడు పొద్దున ముత్యం దగ్గుతోంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముక్కు దగ్గర వాసన చూస్తే ఇంగువ. చెబితే సారు మళ్లీ రాడు, కొడుకు నన్ను నమ్మడు. చెప్పకపోతే సారు కడుపుకే మందిస్తాడు, దీని ఊపిరి ఆగుతుంది. ఎటు కదిలినా గోడే. రెండుసార్లు కొట్టంలోకి, ఇంట్లోకి తిరిగి, చివరికి వాడికి చెప్పేశాను.

ఉపేందర్ నా ముఖంలోకి చూశాడు. "నిన్న సారు అడిగినప్పుడు నీ నోరు ఏమైందవ్వా?"

"ఎల్లిపోతడని బుగులైంది బిడ్డా."

వాడు సారుకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు. అంతా చెప్పాను.

"నూనె ఊపిరితిత్తులల్లకు పోయింది. నిన్ననే చెప్తే నిన్ననే మందు షురూ జేస్తుంటి. తల కిందికే ఉంచుండ్రి, మేత నేల మీదనే ఎయ్యుండ్రి. నేను అస్తున్న, ఆ గట్టయ్యను గూడ ఉండుమను. తిట్టను. ఏమేం కలిపిండో, ఎంత పోసిండో నాకు తెల్వాలె."

గట్టయ్య వచ్చాడు. సారు అడిగినదానికల్లా జవాబు చెప్పి, "ఎద్దుకు పోసినట్టే పోసిన సార్" అన్నాడు. నిన్నటి గొంతు కాదు.

"కడుపుకు నీ వాము మంచిదే కావచ్చు. గొట్టమే తప్పు. గుర్రానికి గట్ల పొయ్యరాదు" అన్నాడు సారు, సూది నింపుతూ. "పది రోజులు సూదులెయ్యాలె. మల్లక్కా, తల గట్టిగ పట్టుకో, కదలనియ్యకు."

ముత్యం దవడను రెండు చేతులతో పట్టుకున్నాను.

"బతుకుతదా సార్?" ఉపేందర్ అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేను."

వాడు గూట్లోంచి బండి తాళం తీసుకున్నాడు.

"ఎటు బిడ్డా?"

"ఓపెన్‌కాస్టు కాంట్రాక్టరు తానికి. సమ్మె అయిపోంగనే పన్లకు రమ్మన్నడు."

"ఆగు బిడ్డా, సారు చెప్పలేనన్నడు గని, బతకదనలే గదా..."

వాడు ఆగలేదు. ముత్యం తల విదిలించబోయింది. "గట్టిగ, గట్టిగ" అన్నాడు సారు. బండి చప్పుడు వాడకట్టు మలుపు తిరిగింది. నేను దవడ వదలలేదు.