పంతొమ్మిది నీలాలు

సూపర్‌మార్కెట్ల వాళ్లు పంపిన ఉత్తరం చదివి బావగారు ఒంటికాలి మీద లేచారు. "మన సబ్బు నకిలీదని అనుమానమట! ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం, మనది నకిలీ ఏమిటమ్మాయ్? కళ్లున్నాయా వీళ్లకి?"

కళ్లుండబట్టే అనుమానం వచ్చిందని చిన్నకోడలికి తెలుసు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ సబ్బుల కంపెనీ పెట్టింది అత్తగారు. రేపర్ల అచ్చు వ్యవహారమంతా పెద్దకొడుకైన బావగారిది. డిజైన్ చదువుకుని ఆ ఇంటికి వచ్చి రెండేళ్లయినా చిన్నకోడలి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. స్నానం సబ్బుది ఒక నీలం, బట్టల సబ్బుది ఇంకో నీలం, గిన్నెల సబ్బుది నీలమో పచ్చో దేవుడికే తెలియాలి. పక్కపక్కన పెడితే ఊసరవెల్లికి కూడా తల తిరుగుతుంది! కొనేవాళ్లు అనుమానపడరూ మరి? వచ్చే నెల మొదటి శుక్రవారం వచ్చి సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే అన్ని దుకాణాల్లోంచీ మీ సరుకు తీసేస్తామన్నది ఉత్తరం. తీసేస్తే కంపెనీకి తాళమే. ప్యాకింగ్ గదిలో ముప్పైమంది ఆడవాళ్లు వీధిన పడతారు.

"రంగు మారిందండీ బావగారూ," అంది చిన్నకోడలు, ఇక ఉండబట్టలేక.

"మారిందా? నా చేతిలోనా?" ఆయన మొహం కందగడ్డయింది. "ఏ సబ్బుదైనా సరే, ప్రతిసారీ కిందటి అచ్చు రేపరు పట్టుకుని ప్రెస్సుకి నేనే వెళ్తాను. గుమ్మంలో, ఎండ వెలుతురులో, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండూ ఒకటైతేనే సరే అంటాను. నా కళ్లుగప్పి ఒక్క రేపరు బయటికి పోదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిక్కంతా అక్కడే ఉంది.

అత్తగారికి ఒక అలవాటు. అచ్చు వేయించిన ప్రతిసారీ మొదటి రేపరు తీసి, వెలుతురు తగలకుండా ఒక ఫైల్లో దాస్తారు. ఆ ఫైలు అడిగి తెచ్చి, పంతొమ్మిది రేపర్లనూ ప్యాకింగ్ బల్ల మీద వరసగా పరిచింది చిన్నకోడలు. ఆడవాళ్లంతా పని ఆపి మూగారు.

"పక్కపక్కవి చూసి చెప్పండి, తేడా ఉందా?"

బావగారు బల్ల వెంట నడిచారు. "ఇదీ ఇదీ ఒకటే. ఇదీ ఇదీ ఒకటే." పద్దెనిమిది సార్లు అదే మాట. చివరికొచ్చి, చూశావా అన్నట్టు కళ్లెగరేశారు.

అప్పుడామె మొట్టమొదటిదీ చిట్టచివరిదీ తీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఒకటి సిరా నీలం. రెండోది నాచు పచ్చ. ఒక్కోసారి రంగు వెంట్రుకవాసి జరిగింది, ఆ జరిగినదాన్నే చూసి మళ్లీ అచ్చు వేశారు. అత్తగారు వచ్చి సిరా నీలం రేపరు అందుకున్నారు.

"నేను పెట్టింది ఈ నీలంరా నాయనా," అన్నారు అత్తగారు. "ఇంత జాగ్రత్తగా ఎలా పాడుచేశావురా?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మూడే రంగులు అత్తయ్యా," అంది చిన్నకోడలు. "మీ సిరా నీలం, మీగడ తెలుపు, సన్నటి ఎర్ర గీత. సబ్బు నుంచి వ్యాను దాకా అవే. ఇక ప్రెస్సుకి పాత రేపరు వెళ్లదు. సిరా కొలతలు రాసిన రంగుల అట్ట ఒక్కటే వెళ్తుంది."

"ఒక్క బంగారు గీత..." బావగారు నసిగారు.

"వద్దండీ."

"కొత్త సబ్బుకైనా?"

"దానిక్కూడా వద్దు."

"ఇది బెడిసికొడితేనో?"

"మళ్లీ జన్మలో మీ రంగుల జోలికి రాను." అనేసింది చిన్నకోడలు.

శుక్రవారం బావగారూ చిన్నకోడలూ చెప్పిందంతా విని సూపర్‌మార్కెట్ మేనేజరు పెదవి విరిచాడు. "కబుర్లు బాగానే ఉన్నాయి. సరుకు చూద్దాం." కొత్త రేపర్లతో తెచ్చిన ఆరు రకాల సబ్బుల్లో స్నానం సబ్బు మాత్రం చేతిలో ఉంచుకుని, మిగతా ఐదూ తానే తీసుకెళ్లి వేరువేరు ర్యాకుల్లో, వేరే కంపెనీల సరుకు మధ్య దాచి వచ్చాడు. బిల్లింగ్ కౌంటర్లో నిన్ననే చేరిన అమ్మాయిని పిలిచి ఆ సబ్బు ఇచ్చాడు. "ఈ కంపెనీవి ఇంకేమున్నాయో పట్టుకురా."

రెండు నిమిషాల్లో వచ్చింది. చేతిలో నాలుగు.

"అంతేనా?" అన్నాడు మేనేజరు. చిన్నకోడలు మళ్లీ లెక్కపెట్టింది.

"ఇంకోటి పైఅరలో ఉందండీ, అందలేదు. అదే నీలం, అదే ఎర్ర గీత. దూరం నుంచే కనిపించింది."

బావగారు అంత పెద్ద దుకాణంలోనూ చప్పట్లు కొట్టేశారు. మేనేజరు కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. "మీ సరుకు ఎక్కడికీ పోదు. గుమ్మం ఎదురుగా ర్యాకు ఖాళీ చేయిస్తాను, మొత్తం మీదే. ఇంతకీ ఈ రంగులు ఎవరి ఆలోచన?"

బావగారు గొంతు సవరించుకున్నారు. మాదే అంటారనుకుంది చిన్నకోడలు. అన్నా బాధపడేది కాదు.

"మా మరదలిది," అన్నారాయన. "తప్పు నాదండీ, దిద్దింది ఈ అమ్మాయి. ఇక మా కంపెనీలో రంగు మాటొస్తే నన్ను కాదు, ఈవిణ్ణే అడగండి."

ఆమెకు కళ్లు చెమర్చాయి. సంతోషం పట్టలేక అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "అత్తయ్యా, గెలిచాం!"

అవతల అత్తగారు ఏదో అన్నారు గానీ, ప్యాకింగ్ గదిలో ముప్పై గొంతుల కేకల్లో ఒక్క ముక్కా వినపడలేదు.