నూరుద్దీన్ చదవని ముక్క

ఆ ఊరి పేరు చెప్పను. ఆలేరుకు ఐదు మైళ్ళ దూరంలో ఉందంటే చాలు. పేరు చెబితే ఆ ఊరివాళ్ళకు తలవంపులు, మిగతా ఊళ్ళవాళ్ళకు ‘మనం కాదు కదా’ అన్న నిశ్చింత. ఆ నిశ్చింత ఎవరికీ దక్కకూడదనే ఈ కథ రాస్తున్నాను.

బస్సు ఆగేచోట నూరుద్దీన్ దర్జీ దుకాణం ఉండేది. పొద్దున మొదటి బస్సుకు రెండు పత్రికలు దిగేవి. వాటి కోసం మగ్గాలు వదిలి నేతగాళ్ళు, నాగలి పక్కన పెట్టి రైతులు, పదిహేను ఇరవై మంది దుకాణం అరుగు మీద చేరేవారు. చదువు వచ్చినవాళ్ళు కూడా నూరుద్దీన్ నోట వినడానికే ఇష్టపడేవారు. ఆయన చదివితే అలా ఉండేది మరి! మంత్రి మాటను మంత్రి గొంతుతో చదివేవాడు, ప్రతిపక్షం మాటను పళ్ళు కొరుకుతూ చదివేవాడు. ముందు రాజకీయం, ఆ తర్వాత లోకంలో ఎవరు ఎవరిని ముంచారన్న సంగతులు, చివర వింతలు. రెండు తలల దూడ పుట్టిందని చదివిన రోజు అరుగు మీద రెండు గంటలు అదే చర్చ. గడ్డి ఏ నోటితో మేస్తుందో తేలకుండానే అందరూ ఇళ్ళకు పోయారు.

అందులో తప్పేముంది అంటారా? ఏమీ లేదు. రోజంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషికి లోకం నాలుగు మాటల్లో వినబడటం మంచిదే. అయితే ఏది చదవాలో, ఏది వదలాలో నిర్ణయించేది నూరుద్దీన్ ఒక్కడే. రుచి లేని ముక్కను ఆయన చదవడు. ‘పేపర్ల ఉన్నదంట’ అంటే ఆ ఊళ్ళో ఇక ఎదురు మాట లేదు. ఆ మాట వెనక నూరుద్దీన్ నాలుక ఉందని ఎవరూ అనుకోలేదు, ఆయనతో సహా.

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, సెప్టెంబరు నెల. సూరత్‌లో ప్లేగు అని పెద్ద అక్షరాలతో వచ్చింది. ఈ ఊరి నుంచి ఎనిమిది మంది సూరత్ మిల్లుల్లో పని చేస్తున్నారు కాబట్టి ఆ రోజు అరుగు మీద చోటు చాలలేదు. రైళ్ళ మీద పడి పారిపోతున్న జనం గురించి, మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషుల గురించి నూరుద్దీన్ గొంతు తగ్గించి చదివాడు. ఉన్నదానికి కాస్త ఉప్పూ కారం అద్దాడు కూడా. వింటున్నవాళ్ళ ముఖాల్లో బెదురు చూసి, ఎంత బాగా చదువుతున్నానో అని లోపల మురిసిపోయాడు.

రెండో రోజు అదే పేజీలో కింద ఓ మూల, చిన్న అక్షరాలతో ఓ డాక్టరు రాసిన ముక్క ఉంది. నూరుద్దీన్ దాని మీద కళ్ళు పరిగెత్తించాడు. మందుల చీటీలా చప్పగా తోచింది. పక్కనే ఎవరో చేతి గడియారం మింగాడన్న వార్త ఉంటే అది అందుకున్నాడు. కడుపులో టిక్కుటిక్కుమంటుందా అని ఎవరో అడిగారు, అందరూ నవ్వారు. సాయంత్రం ఆ కాగితం కత్తెర కిందికి వెళ్ళింది. పాత పత్రికల మీదే ఆయన రవికల కొలతలు కత్తిరించుకుని, మేకుకు తగిలించి పెట్టుకునేవాడు.

మూడు రోజుల తర్వాత బాలయ్య సూరత్ నుంచి దిగాడు. ఇద్దరు పిల్లల తండ్రి, మంచి నేతగాడు. రైలులో దొరికిన నీళ్ళు తాగి, దొరికింది తిని వచ్చాడు. బస్సు దిగిన చోటే వాంతి చేసుకున్నాడు. అంతే, అరుగు మీద ఉన్నవాళ్ళంతా లేచి దూరం జరిగారు.

ఊరి పెద్దలు నిలబడ్డ చోటే తీర్పు చెప్పారు. బాలయ్య ఇంటికి పోవద్దు, ఊరి బయట మూతబడిన పాత పిండి గిర్నీలో ఉండాలి. అతని భార్య బిక్షమ్మ పిల్లలను తన తల్లి దగ్గర వదిలి మొగుడి వెంట పోయింది. దాంతో ఆమెను కూడా బావి దగ్గరికి రావద్దన్నారు. ఎవరో పొద్దునొక బిందె నీళ్ళు తెచ్చి దారిలో పెట్టి పోయేవారు. జ్వరంతో, వాంతులు విరేచనాలతో పడి ఉన్న మనిషికి ఒక్క బిందె నీళ్ళు తాగడానికా, కడగడానికా? దవాఖానకు తీసుకుపోదామని ఆమె బండి అడిగితే, ఎడ్లబండి ఉన్న రైతు కాటమయ్య తన ఎడ్లకు రోగమంటుతుందన్నాడు. నూరుద్దీన్ భార్య లాల్ బీ గంజి కాచి చేతిలోకి తీసుకుంటే, ‘పేపర్ల సదివింది మరిచినవా’ అని నూరుద్దీనే ఆమెను గడప దాటనివ్వలేదు.

రెండో రోజు పొద్దున బిక్షమ్మ దుకాణానికి ఇరవై గజాల దూరంలో వచ్చి నిలబడింది. ఆమెను చూడగానే చదువు ఆగిపోయింది.

“నూరన్నా, నువ్వు సదివెటోడివి. మా ఆయనకు ఒంటి మీద గడ్డ లేదు. దగ్గుత లేడు. ఊకె వాంతులు, విరేచనాలు. గిది ప్లేగేనని పేపర్ల రాసిన్రా? జర సూసి నువ్వొక్క మాట చెప్తే కాటమయ్య బండి కడ్తడు.”

అందరూ నూరుద్దీన్ వైపు చూశారు. డాక్టరు ముక్క ఏదో చూసినట్టు ఆయనకు లీలగా గుర్తుకొచ్చింది. ఇప్పుడు ఆ మాట బయటపెడితే, అప్పుడే ఎందుకు చదవలేదని అడుగుతారు. ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. మనిషికి పరువు ఎంత పాపిష్టిదో చూడండి!

“పేపర్ల ఏమున్నదో అది సదివిన చెల్లె. ఇంకేం లేదు” అన్నాడు.

ఆమె వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నూరుద్దీన్ ఓ రవిక కత్తిరించడానికి మేకు మీది కాగితం తీశాడు. అది చేతి భాగం కొలత. బట్ట మీద పరిచాడు. డాక్టరు ముక్క పైకి కనబడుతోంది. ఈసారి మొత్తం చదివాడు.  ఆ కాగితం పట్టుకుని కాటమయ్య ఇంటికి పరిగెత్తాడు. బతిమాలి, తిట్టి, చివరకు కాళ్ళు పట్టుకుని బండి కట్టించాడు. గిర్నీలోకి తానే పోయి బాలయ్యను ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. నేసి నేసి గట్టిపడిన మనిషి, దూదిలా తేలికగా వచ్చాడు. ఆలేరు ఇంకా మైలు దూరం ఉందనగా నూరుద్దీన్ ఒళ్ళోనే ప్రాణం పోయింది.

దవాఖానలో డాక్టరు శవాన్ని చూసి, బిక్షమ్మను అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఇది ప్లేగు లక్షణం కాదన్నాడు. ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోయాడని, రెండు రోజుల ముందు తెచ్చి సెలైను ఎక్కిస్తే మనిషి దక్కేవాడని చెప్పాడు. ప్లేగు మీ ఊరికి రాలేదు, దాని కబురు వచ్చి మనిషిని తీసుకుపోయిందని అన్నాడు. నూరుద్దీన్ ఆ కాగితం తీసి, తాను చదవకుండా వదిలిన ముక్క ఇదేనని బిక్షమ్మకు చూపించాడు.

పన్నెండు రోజులు దుకాణం తెరవలేదు. తెరిచిన పొద్దున పత్రికలు వచ్చాయి, అలవాటు చొప్పున జనమూ వచ్చారు. బిక్షమ్మ కూడా వచ్చింది. ఈసారి దూరంగా నిలబడలేదు. నేరుగా అరుగెక్కి ఆయన ఎదుట కూర్చుంది.

“గా ముక్క సదువన్నా. నేను ఇంటా” అంది.

నూరుద్దీన్ జేబులోంచి ఆ కాగితం తీశాడు. ఏ గొంతూ మార్చకుండా, తన గొంతుతోనే చదివాడు.

“ప్రతి జ్వరమూ ప్లేగు కాదు. గజ్జల్లోనో చంకల్లోనో గడ్డలు, రక్తం పడే దగ్గు ఉంటే అనుమానించాలి. ప్లేగైనా సరే, తొందరగా వస్తే మందులతో చాలావరకు నయమవుతుంది. వాంతులు, విరేచనాలు ఉంటే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు మాటిమాటికీ తాగిస్తూ వెంటనే దవాఖానకు తీసుకురావాలి. దయచేసి ఏ రోగినీ ఊరి బయట...”

అక్కడ ఆగాడు. తర్వాతి మాట కత్తెరకు పోయింది.  కాటమయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

“నన్ను మాఫ్ చెయ్ చెల్లె” అన్నాడు నూరుద్దీన్. ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

బిక్షమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. అక్షరం రాని మనిషి, ఆ చిన్న అక్షరాలను వేలితో ఒకసారి తడిమి, మడిచి కొంగున కట్టుకుంది. లేచి నిలబడి అందరి వైపూ చూసింది.

“నువ్వు సదివిన ముక్కకు ఊరంత బుగులుపడ్డది. సదవని ముక్కకు నా ఇల్లు కూలింది. సదివెటోడు సగమే సదివి, ఇనెటోడు అడగకుండ నమ్మితే, ఏ రోగం రాకున్నా మనుషులు సస్తరన్నా.”