దొరసాని ఎత్తు

మా ఆయనకి టేపు అంటే పడదు. దర్జీదాన్ని కట్టుకుని, టేపంటే పడని మనిషి ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడని ఎవరైనా అడిగితే, ఆ మాట నన్నడగాలి. నెట్టుకొచ్చింది నేను. ఆయనకి అన్నీ కంటితోనే. అలమర కొనేముందు గది తలుపు వెడల్పు కొలుచుకోమన్నాను. చూశానుగా, పట్టేస్తుందన్నాడు. ఆ అలమర ఇప్పటికీ వరండాలోనే ఉంది, అందులో చెప్పులు పెట్టుకుంటున్నాం. కిటికీలకి కర్టెన్ గుడ్డ తెమ్మంటే రెండింటికి సరిపోయేంత తెచ్చాడు. మనింట్లో మూడు కిటికీలున్నాయి కదండీ అంటే, మూడోది ఎప్పుడు పెట్టించావని నన్నే అడిగాడు.

ఆయన పని గుర్రాల దగ్గర. ఊరి చివర గుర్రపు స్వారీ నేర్పే బడి ఒకటుంది. అక్కడి గుర్రాలని కడగడం, మేపడం, గిట్టలు చూడడం, జబ్బు చేస్తే పక్కన కూర్చోవడం అన్నీ ఆయనే. అందులో ఎర్రటి ఆడగుర్రం ఒకటుంది. దానికి దొరసాని అని పేరు పెట్టింది కూడా ఆయనే. నేను మాత్రం దాన్ని సవతి అంటాను. అనక ఏం చెయ్యను? నాకు జ్వరం వస్తే వేడినీళ్ళు తాగి పడుకోమంటాడు, దానికి ముక్కు కారితే డాక్టరుకి ఫోన్ చేస్తాడు. నేను ఏ రంగు బట్టలు కట్టుకున్నానో కళ్ళు మూసుకుని చెప్పమంటే నీళ్ళు నములుతాడు గానీ, దాని వెనక కాలి మీది తెల్లమచ్చ ఏ ఆకారంలో ఉందో వేలితో గోడమీద గీసి చూపిస్తాడు. నాకు గుర్రాలంటే భయం. పని ఉండి వెళ్ళినా గేటు దగ్గరే నిలబడి పిలిచేదాన్ని. అందుకని మా సవతికీ నాకూ ఎన్నడూ మాటామంతీ లేదు.

ఒకరోజు సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. నేను మిషన్ ఆపి ఏమైందని అడిగాను. ముందు ఏం లేదన్నాడు. ఏం లేదన్నాడంటే చాలా ఉందని అర్థం. నెమ్మదిమీద చెప్పుకొచ్చాడు. బడికి కొత్తగా ఒక మేనేజరమ్మ వచ్చింది. చిన్నపిల్లలు ఎక్కే గుర్రాలు నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు దాటకూడదని నియమం పెట్టిందట. పెట్టడంలో తప్పేం లేదు, పిల్లల తల్లిదండ్రులే అడిగారు. ఆ ఎత్తు దాటిన గుర్రాలని పెద్దవాళ్ళు స్వారీ చేసే చోటికి, ఎక్కడో చాలా దూరం, పంపించేస్తారట. ఒక్కో గుర్రం గది మీద చిన్న బోర్డు ఉంటుంది, దాని పేరూ వయసూ ఎత్తూ రాసి. మేనేజరమ్మ ఆ బోర్డులు చదువుకుంటూ వెళ్ళి, దొరసాని గది ముందు ఆగింది. అక్కడ నూట యాభై రెండు అని ఉంది.

"ఎవరు కొలిచారండీ దాన్ని?" అని అడిగాను.

"నేనే చెప్పాను, పెయింటరు రాసుకున్నాడు" అన్నాడు.

కొలిచారా, చెప్పారా అని నేను రెట్టించలేదు. ఆ మొహం చూస్తే రెట్టించబుద్ధి కాలేదు. దొరసాని వెళ్ళిపోతే ఈయన మనిషి కాడని నాకు తెలుసు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. సవతి పోతే పీడా పోయిందని సంతోషించాల్సినదాన్ని, నాక్కూడా తిండి సయించలేదు.

మర్నాడు నా టేపు మెడలో వేసుకుని ఆయనతో గుర్రపుశాలకి వెళ్ళాను. ఊళ్ళో సగం మందికి కొలతలు తీసినదాన్ని, ఒక గుర్రానికి తియ్యలేనా అనుకున్నాను. ఆయన దాని తల పట్టుకుని ఏదో గొణుగుతున్నాడు. నేను భయపడుతూనే వంగి, టేపు ఒక కొస గిట్ట దగ్గర ఆయన బూటు కింద తొక్కిపెట్టించి, కాలి వెంబడే పైకి లాక్కుంటూ పోయాను. గుర్రం ఎత్తంటే తల దాకా కాదట, మూపు దాకానే. మెడ అయిపోయి వీపు మొదలయ్యేచోట ఎముక కాస్త పైకి ఉంటుంది, దాన్ని మూపు అంటారు. తల ఎత్తుతుంది, దించుతుంది, కాబట్టి లెక్కలోకి రాదు. నేను దాని జబ్బ మీదుగా టేపు చక్కగా, ఎక్కడా ముడత పడకుండా పరిచి, టేపు అయిపోయినచోట వేలుపెట్టి, మిగతాది మళ్ళీ మొదటినుంచి కొలిచి, మూపు దగ్గర చూశాను. నూట యాభై ఏడు. అలవాటు కొద్దీ కుట్టుకి పోయే ఇంకో రెండు కలిపి, నూట యాభై తొమ్మిదని పైకే చదివాను.

మా ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఉన్నది చాలక ఇంకో రెండు కలిపి మరీ నువ్వే దాన్ని సాగనంపుతున్నావని నా మీద ఒంటికాలిమీద లేచాడు. దారంతా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు.

ఇంటికొచ్చి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆలోచనలో పడ్డాను. టేపు ఒంటిని అంటిపెట్టుకుని పోతుంది. గుండెలు ఎత్తుగా ఉంటే వాటి మీదుగా పోతుంది, పొట్ట ఉంటే పొట్ట మీదుగా పోతుంది. బట్టకి అదే కావాలి. ఎత్తుకి కావలసింది అది కాదే. గోడ ఎత్తు కొలిచేటప్పుడు దాని మీద వేలాడుతున్న క్యాలెండర్ మీదుగా టేపు పోనిస్తామా? నేను గుర్రానికి ఎత్తు కొలవలేదు, జాకెట్టుకి కొలతలు తీశాను. నా తెలివికి నాకే నవ్వొచ్చి, ఒక్కదాన్నీ నవ్వుకున్నాను.

ఆ చొక్కా చేతిలో ఉండగానే ఇంకో సంగతి తట్టింది. దాన్ని ఆయనకి తొడిగి నిలబెట్టి చూశాను. ముందువైపు కిందికి వేలాడుతోంది, వెనకవైపు పైకి ఎత్తుకుపోతోంది. నడుం వంగిన మనిషికి చొక్కా అలాగే పడుతుంది. దొరసాని ఎత్తు ఎలా కట్టారో చెప్పమన్నాను. పక్కన నిలబడితే దాని మూపు నా గడ్డం దాకా వస్తుందన్నాడు. మీ గడ్డం ఎత్తు మీకెవరు చెప్పారన్నాను. పెళ్ళికాకముందు ఎవరో గోడకి నిలబెట్టి కొలిచారట, నూట యాభై రెండు అని అప్పుడు చెప్పారట.

"అప్పటి గడ్డం కాదండీ ఇది. మీరు వంగిపోయారు. గడ్డం కిందికి దిగితే దొరసాని ఎత్తూ దిగినట్టే" అన్నాను.

మామూలుగా అయితే, నువ్వు ముసలైపోయావని పెళ్ళాం మొహం మీద చెప్తే ఏ మగాడైనా ముడుచుకుపోతాడు. ఈయన మొహం మతాబులా వెలిగింది. ఎంత వంగానంటావ్, నాలుగు సెంటీమీటర్లు వంగి ఉంటానా, ఐదా, సరిగ్గా చూడవే అని నా వెంటపడ్డాడు. వంగినంత మేలన్నట్టు ఇంకాస్త వంగి కూడా చూపించాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు ఇద్దరం మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాం. బోర్డు మీద ఉన్నది కాకిలెక్క అనీ, నా టేపుది కుట్టు లెక్క అనీ, ఒకసారి పద్ధతిగా కొలిపించమనీ నేనే అడిగాను. ఆవిడ మంచిదే. అంచనాకి ఒక గుర్రాన్ని పంపించడం నాకూ ఇష్టం లేదంది. కాకపోతే కొలిచాక ఎంతొస్తే అంతే, మళ్ళీ మాట్లాడడం ఉండదంది. గుర్రాల డాక్టరుకి కబురు చేసింది. ఆయన వచ్చేలోగా గిట్టలకున్న ఇనప నాడాలు తీసేసి ఉంచమంది, అవి కూడా ఎత్తులో కలుస్తాయి కాబట్టి.

డాక్టరు ఓపికమంతుడు. వస్తూనే గుర్రాన్ని చూడలేదు, నేలని చూశాడు. గడ్డి పరిచిన చోటు వద్దన్నాడు, నీళ్ళు పోవడానికి వాలు పెట్టిన చోటు వద్దన్నాడు. సిమెంటు వాకిట్లో తాపీమేస్త్రీలు వాడే రసమట్టం నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి, బుడగ మధ్యలో నిలిచిన చోటు చూసుకుని అక్కడ నిలబెట్టమన్నాడు. ఆయన కొలబద్ద నిటారుగా నిలబడుతుంది, దానికి జారే అడ్డబద్ద ఒకటి ఉంటుంది. ఆ అడ్డబద్ద మెల్లగా దించి మూపు మీద ఆనిస్తే ఎత్తు తెలిసిపోతుంది. చూస్తుంటే నాకు ముచ్చటేసింది. బట్టలకి కూడా ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ కొలతలు తియ్యలేదు.

కానీ దొరసానికి ఆ బద్ద నచ్చలేదు. మెడ కొయ్యలా పెట్టి, కళ్ళు పెద్దవి చేసింది. అడ్డబద్ద ఆనగానే నూట నలభై తొమ్మిదిన్నర వచ్చింది. ఒకటిన్నర ఎక్కువ. డాక్టరు రాసుకోలేదు. ఇందులో కొంత దీని భయం కూడా ఉందన్నాడు. గుర్రం ఒంటిని ముందుకాళ్ళ మధ్య మోసేది ఎముక కాదట, కండ. భయపడి కండ బిగిస్తే మూపు పైకి లేస్తుందట, నిమ్మళించి వదిలేస్తే కిందికి దిగుతుందట. నిమ్మళించినప్పుడు ఉన్నదే దాని అసలు ఎత్తన్నాడు.

కాసేపాగి మళ్ళీ కొలిచాడు. నూట నలభై తొమ్మిది. తాడు పట్టుకున్నది మా ఆయనే. ఆ చెయ్యి వణుకుతోంది, ఆ వణుకు తాడులోంచి పోయి గుర్రానికి తెలుస్తోంది. మీకు దానికంటే ఎక్కువ భయంగా ఉంది, మీరు పక్కకి రండి అన్నాడు డాక్టరు. మేనేజరమ్మ పట్టుకుంటే అది వెనక్కి వెనక్కి జరిగింది. ఇంకొక్కసారి చూస్తాను, అప్పుడు ఎంతొస్తే అంతే రాస్తానన్నాడు డాక్టరు. ఆయన తప్పు కాదు, వేరేచోట కూడా పనుందట.

మా ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు పట్టుకో" అన్నాడు.

"నేనెవరో దానికేం తెలుసండీ?"

"తెలుసు" అన్నాడు.

అంత దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయమే. అయినా ఆయన మొహం చూసి వెళ్ళి తాడు అందుకున్నాను. అంత పెద్ద తల నా తల పక్కన. దీంతో ఏం మాట్లాడాలో తోచలేదు. మీరు రోజూ దీనికి ఏం చెప్తారో అది నాకు చెప్పండి, అదే చెప్తానన్నాను. ఆయన డాక్టరు వైపూ మేనేజరమ్మ వైపూ చూసి నేలచూపులు చూశాడు.

"నీ గురించే చెప్తాను" అన్నాడు.

"నా గురించి ఏముంది చెప్పడానికి?"

"పొద్దున్న నువ్వు నన్ను తిట్టినవన్నీ. నువ్వెలా అంటావో అలాగే, నీ గొంతుతోనే అంటాను. అది వింటూ దాణా తింటుంది."

మేనేజరమ్మ మొహం అటు తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ సిగ్గుపడుతూ కూర్చోడానికి టైము లేదు. దొరసాని చెవి దగ్గరగా వెళ్ళి, ఇంట్లో ఎలా అంటానో అలాగే మొదలుపెట్టాను. తడి తువాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు అన్నాను. దాని చెవి ఒకటి నావైపు తిరిగింది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు, నన్ను వెతికిస్తారు అన్నాను. రెండో చెవి కూడా తిరిగింది. కొళాయి సరిగ్గా కట్టరు, తలుపు గడియ వెయ్యరు, మందులు వేసుకున్నారా అంటే వేసుకున్నానని అబద్ధమాడతారు అంటూ వరసపెట్టి దులిపేస్తున్నాను. దొరసాని పెద్దగా ఊపిరి వదిలింది, ఆ వెచ్చని గాలి నా మెడకి తగిలింది. కింది పెదవి వేలాడేసింది. మెల్లగా తల దించి, గడ్డం తెచ్చి నా భుజం మీద పెట్టింది. ఎంత బరువో. వెనకాల అడ్డబద్ద జారుతున్న చప్పుడు వినిపిస్తున్నా నేను తిరిగి చూడలేదు.

తిట్లు అయిపోవచ్చాయి. ఆపితే మళ్ళీ బిగుసుకుంటుందేమోనని, నోటికొచ్చిందల్లా చెప్పాను. మోకాలు నొప్పని నాతో ఒక్క ముక్క అనరు కదా, దీంతో అనే ఉంటారు అన్నాను. దీన్ని తీసుకెళ్ళిపోతే ఎవరితో చెప్పుకుంటారు, నాతో చెప్పడం మీకు చేతకాదు కదా అన్నాను. ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. అయినా అది కదల్లేదు.

"నూట నలభై ఏడున్నర" అన్నాడు డాక్టరు. ఇంకోసారి బద్ద ఆనించి చూసి, అంతే అన్నాడు. మేనేజరమ్మ వెళ్ళి బోర్డు మీది అంకె తనే గోకేసింది. మా ఆయన గోడవైపు తిరిగి, చేతి వెనకభాగంతో మొహం తుడుచుకుంటున్నాడు.

"అయిపోయిందమ్మా, ఇక వదిలెయ్యొచ్చు" అన్నాడు డాక్టరు.

నేను తాడు వదల్లేదు. ఇన్నేళ్ళూ నా మాటలన్నీ దీని చెవిన పడ్డాయి, ఆయన నోటివెంట. నా మాట దీనికి నేనే చెప్పడం ఇదే మొదలు. ఇంకా కొంచెం ఉందండీ అని డాక్టరుకి చెప్పి, గుర్రం చెవిలో, ఈ మనిషి లేకపోతే నాకు తోచదే అన్నాను.