కుడి సీటు నుంచి వచ్చిన గొంతు

నేను ఒకరి నోటికీ ఇంకొకరి చెవికీ మధ్య బతికినదాన్ని. విమానం నడిపేవాళ్ళు తలకు తగిలించుకునే హెడ్‌సెట్‌ని. రెండు చెవి దొప్పలు, వాటిని కలుపుతూ నెత్తి మీదుగా ఒక పట్టీ, పెదవుల దాకా వంగిన సన్నటి మైకు, ఇంతే నా ఆస్తి. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. విమానం ఎక్కేటప్పుడు మీ ధ్యాసంతా మీ సీటు నంబరు మీదా, పైన సామాను పెట్టుకునే అర మీదా ఉంటుంది. అందులో మీ తప్పేమీ లేదు.

నన్ను తయారుచేసినవాళ్ళు సముద్రాల అవతల ఎక్కడో ఉన్నారు. వాళ్ళు నాకు ఒకే ఒక విద్య నేర్పారు. ఇంజన్ల హోరును బయటే ఆపేయాలి, మనిషి మాటను మాత్రం లోపలికి పంపాలి. ఆ పనిలో నాకు వంక పెట్టడానికి లేదు. అయితే నిజాన్ని రానిచ్చి అబద్ధాన్ని ఆపే ఏర్పాటు నాలో పెట్టలేదు. అలాంటిది పెడితే ఎవరూ కొనరని వాళ్ళకు తెలిసే ఉంటుంది.

నన్ను కొన్నది హైమవతి. కొవ్వూరు అమ్మాయి, అప్పటికి హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుంటోంది. బేగంపేటలో ఒక చిన్న కొట్లో నన్ను తలకు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "వినపడుతోందాండీ?" అని మైకులో అడిగింది. నా తీగ దేనికీ తగిలించి లేదు, చుట్టచుట్టుకుని బల్ల మీద పడి ఉంది. కొట్టు యజమాని తల పంకించి "బ్రహ్మాండంగా వినపడుతోందమ్మా" అన్నాడు. నేను ఈ లోకంలో విన్న మొదటి అబద్ధం అది. బేరం కుదరాలి కదా, పోనీలే అనుకున్నాను.

చెవి దొప్పల రెక్సిను చెమటకు అంటుకుంటోందని హైమ ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పింది. కొవ్వూరులో బట్టలు కుట్టే ఆమె పిన్ని తన పాత నేతచీర కొంగు కత్తిరించి నాకు రెండు తొడుగులు కుట్టిచ్చింది. ఆకుపచ్చ మీద పసుపు గళ్ళు. తోటి పైలట్లు చూసి హెడ్‌సెట్‌కు చీర కట్టించావేంటని ఏడిపించేవాళ్ళు. హైమ ఖాతరు చేయలేదు. నాకైతే లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఆమెకు కొల్లేరు ఎయిర్‌లో ఉద్యోగం దొరికింది. పెద్ద కంపెనీ ఏమీ కాదు. తోక మీద గూడబాతు బొమ్మ వేసుకున్న చిన్న విమానాలు, రెక్కల కింద పంకాలు తిరుగుతూ ఉండేవి. రాజమండ్రి, కడప, విజయవాడ, హైదరాబాదు, ఇంతే వాటి లోకం. ఎక్కేవాళ్ళు రొయ్యల వ్యాపారులు, ఆస్పత్రులకు వెళ్ళేవాళ్ళు, ముహూర్తానికి ఆలస్యమైపోతున్న పెళ్ళివాళ్ళు. ఎత్తు తక్కువ కాబట్టి కింద గోదావరి లంకలూ, ఇసుక మేటలూ, వంతెన మీద పోయే రైలూ స్పష్టంగా కనపడేవి. కొవ్వూరు రాగానే హైమ కొంచెం ముందుకు వంగేది, పిన్ని వాళ్ళ డాబా కోసం. ఆ వంగడంలో నా తీగ బిగుసుకునేది. నాకు అది ఇష్టంగా ఉండేది.

ఇక్కడ మీకు సీట్ల సంగతి చెప్పాలి. ముందు గదిలో రెండు సీట్లుంటాయి. ఎడమది కెప్టెన్‌ది, కుడిది సహాయకుడిది. అటున్న మీటలే ఇటూ ఉంటాయి, అటు కనపడే ఆకాశమే ఇటూ కనపడుతుంది. చివరి మాట మాత్రం ఎడమవైపుది. మధ్య దూరం మూరెడుంటుందేమో. ఆ మూరెడు జరగడానికి హైమకు ఏడేళ్ళు పట్టింది. ఎడమ సీట్లో కూర్చున్న రోజున ఆమె నన్ను రెండుసార్లు సర్దుకుంది.

కెప్టెన్ అయ్యాక ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చినవాడు నరహరి. ప్రొద్దుటూరు మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. రేడియోలో "మేడమ్" అనేవాడు, ఇంజన్లు ఆగాక "అక్కా" అనేవాడు. ఒకసారి అతను కడపలో విమానాన్ని దించిన తీరుకు ప్రయాణికుల మోకాళ్ళు గడ్డాలకు తగిలాయి. హైమ మైకు దగ్గరకు లాక్కుని "నేను కొంచెం గట్టిగా దించాను, క్షమించండి" అని అందరికీ చెప్పింది. ఆ అబద్ధం నా గుండానే వెళ్ళింది. అబద్ధాల్లో కూడా మంచివి ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

విమానాలవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఒకరు చెప్పిన మాటను రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్ళు అది విని "కరెక్ట్" అనాలి. అంతవరకూ ఆ మాట చేరనట్టే లెక్క. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కొల్లేరు ఎయిర్‌లో ఇది ఎంత ముదిరిందంటే, క్యాంటీన్‌లో సర్వరు "రెండు ఉప్మా, ఒకటి అల్లం లేకుండా" అని తిరిగి చెప్పేదాకా వాళ్ళు కుర్చీల్లో కుదురుగా కూర్చునేవాళ్ళు కారు.

కొన్నాళ్ళకు ఢిల్లీ నుంచి ఒక పెద్ద కంపెనీ హైమను పిలిచింది. పెద్ద విమానం, పెద్ద జీతం, దేశదేశాలు. వద్దనడానికి కారణం కనపడలేదు. ఆఖరి ప్రయాణం రాజమండ్రిలో ముగిసింది. పంకాలు ఆగాక ఆమె నన్ను తీసి నరహరి ఒళ్ళో పెట్టింది.

"అక్కడ వాళ్ళ హెడ్‌సెట్లే వాడాలంట. దీన్ని నీ దగ్గరుంచు. నేను మళ్ళీ వస్తాన్రా. వచ్చినప్పుడు నా సీటూ దీన్నీ అప్పగించాలి. ఏదీ, తిరిగి చెప్పు."

నరహరి గొంతు సవరించుకున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, అవి నిజమైనవే. "ఎడమ సీటు, హెడ్‌సెట్. అక్క రాంగానే రెండూ అప్పగింత" అన్నాడు.

"కరెక్ట్" అని హైమ దిగిపోయింది. మెట్లు దిగేటప్పుడు వెనక్కి చూస్తుందేమోనని ఎదురుచూశాను. చూడలేదు. నన్ను వదిలేసిందని చాలాకాలం కోపంగా ఉండేది. కానీ తిరిగి వస్తానంది కదా, ఆ మాట పట్టుకుని బతికాను.

నరహరి నన్ను బాగానే చూసుకున్నాడు. తొడుగులు విప్పలేదు. చెయ్యి తిరిగింది, కెప్టెన్ అయ్యాడు, ఎడమ సీటుకు వచ్చాడు. క్రమంగా గొంతు మారింది. ఎదుటివాళ్ళు మాట పూర్తిచేయకముందే "తెలుసులే" అనడం మొదలుపెట్టాడు. శిక్షణ విభాగం పెద్ద పదవి ఖాళీ అవబోతోందని అప్పుడే కబురు పుట్టింది. హైమ వెళ్ళిపోయాక సర్వీసు వరసలో నరహరే ముందున్నాడు.

ఒక రోజు పైలట్లందరికీ పై అధికారి అయిన జనార్దనరావు గారు ముందు గదిలోనే, మా వెనక మడత సీట్లో కూర్చుని ప్రయాణం చేశారు. ఆయన చెవులకూ ఒక హెడ్‌సెట్ ఉంది. దాని గుండా ఆయన గొంతు నాలోకి వచ్చింది.

"హైమవతి తిరిగొస్తానంటోందయ్యా. పాత వరసలోనే, కెప్టెన్‌గానే తీసుకుందామనుకుంటున్నా. నీకు గురువు కదా, ఏమంటావు?"

నరహరి కిటికీలోకి చూశాడు. "రానీండి సార్, మంచి పైలట్. అయితే బయటికి పోయొచ్చినోళ్ళను వరసలో చివర పెడితేనే బాగుంటాది. కుడి సీటుతో మొదలుపెట్టనీండి. ఒకరికి రూలు తప్పిస్తే రేపు అందరూ అడుగుతారు."

"అలాంటి రూలేదీ లేదుగా మనకు?"

"పెట్టుకుంటే పోతుంది సార్."

ఆ మాట నా మైకు గుండానే వెళ్ళింది. చిన్న గరగర కూడా లేకుండా, శుభ్రంగా, స్పష్టంగా మోసుకెళ్ళి ఆయన చెవిలో పోశాను. నా జన్మలో నేను సిగ్గుపడిన రోజు అదే. తీగ తెగిపోయినా బాగుండేది. పనిముట్టుకు పని మానే హక్కు ఉండదని మీకు తెలుసు కదా.

ఆ తర్వాత హైమ ఫోను చేసింది. కడపలో విమానం నిలిచి ఉంది, నరహరి ఇడ్లీ తింటున్నాడు, నేను అతని మెడలో ఉన్నాను. చేతులు ఖాళీ లేక ఫోను స్పీకరులో పెట్టాడు. అన్నేళ్ళ తర్వాత ఆమె గొంతు విన్నాను.

"పైన ముప్ఫై ఆరువేల అడుగుల్లో ఏమీ కనపడదురా. మబ్బులూ, మబ్బుల మీద ఎండా. దిగితే హోటలు గది. వచ్చేద్దామనుంది. జనార్దనరావు గారు నిన్నడిగి చెప్తానన్నారు, మాట్లాడావా?"

"మాట్లాడినాలే అక్కా. నువ్వు రాజీనామా ఇచ్చి వచ్చేయ్. మన కంపెనీనే గదా."

"ఎడమ సీటే కదా?"

నరహరి నవ్వాడు. "ఏందక్కా, నన్ను నమ్మవా?" అన్నాడు.

ఆమె కూడా నవ్వేసింది. అక్కడే మోసపోయింది. కంట్రోలు టవరు ఒక్క అంకె తడబడితే పట్టుకునే మనిషి, ఎదుటివాడు "కరెక్ట్" అనలేదన్న సంగతి పట్టుకోలేకపోయింది. తమ్ముడి దగ్గర రీడ్‌బ్యాక్ ఏమిటనుకుంది కాబోలు. నేను అతని మెడలో వేలాడుతూ, రావద్దని అరవాలనుకున్నాను. నాకు గొంతు లేదు, ఇంకొకరి గొంతు మోయడమే వచ్చు.

ఆమె ఢిల్లీలో కెప్టెన్ పదవి వదిలేసుకుంది. ఆ సీటు మర్నాటికే ఇంకొకరిదైపోయింది. ఇక్కడ చేరిన రోజున ఆఫీసువాళ్ళు ఆమెకు భుజాల మీద కెప్టెన్ నాలుగు చారలకు బదులు సహాయకుడి మూడు చారలున్న పట్టీలు ఇచ్చారు. పొరపాటేమోనని అడిగింది. కొత్త రూలన్నారు. వెనక్కి పోదామంటే అక్కడ దారి మూసుకుపోయింది.

ఆమె మొదటి ప్రయాణం నరహరితోనే పడింది. కడప నుంచి రాజమండ్రికి. నేను అతని తల మీద ఉండగా తలుపు దగ్గర అడుగుల చప్పుడు వినపడింది. ఆమె లోపలికి వచ్చి అలవాటు కొద్దీ ఎడమవైపు ఒక అడుగు వేసి, ఆగి, కుడివైపు తిరిగింది. నన్ను చూసింది. ఆకుపచ్చ తొడుగులను చూసింది. కంపెనీవాళ్ళ హెడ్‌సెట్ తీసి పెట్టుకుంది. ఇంతకాలం ఆమె మాటలు నా మైకు నుంచి బయటికి పోయేవి. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతు పరాయి తీగలోంచి, కుడి సీటు నుంచి, నాలోకి వచ్చింది.

"వినపడుతోందా, కెప్టెన్?"

"బాగా వినపడుతోందక్కా" అన్నాడు నరహరి.

నాకు బేగంపేట కొట్టు గుర్తొచ్చింది.

దారి పొడుగునా ఆమె పని తూచినట్టు చేసింది. అతను చెప్పిన ప్రతి మాటనూ తిరిగి చెప్పింది, ప్రతిసారీ చివర్న "కెప్టెన్" అంది. కింద గోదావరి కనపడింది, కొవ్వూరు వచ్చింది. ఆమె ముందుకు వంగలేదు.

రాజమండ్రిలో పంకాలు ఆగాయి, ప్రయాణికులు దిగిపోయారు. నరహరి నన్ను తీసి, సీట్లోంచి లేచి ఆమె వైపు చాచాడు. "నీది నీకు భద్రంగా దాచినా అక్కా. తీసుకో."

నా ఆనందం ఏమని చెప్పను. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది దీనికోసమే.

ఆమె చెయ్యి చాచలేదు. "సీటు సంగతో?" అంది.

"కంపెనీ రూలక్కా. నా చేతుల్లో ఏముండాది."

"నిన్న జనార్దనరావు గారు కనపడ్డారు. 'మీ ఇద్దరికీ పడదా అమ్మా, నీకు కుడి సీటివ్వమన్నది నరహరే కదా' అని అడిగారు."

నరహరి చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బయట సామాను దించేవాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"ఆ రోజు ఇక్కడే ఒక మాట తిరిగి చెప్పావు. మళ్ళీ చెప్పు" అంది హైమ.

నరహరి నేల చూస్తూ చెప్పాడు. "ఎడమ సీటు, హెడ్‌సెట్. అక్క రాంగానే రెండూ అప్పగింత."

"రెండు కదా. ఇప్పుడు ఒకటి పుచ్చుకుంటే సగం తీరినట్టుంటుంది, నీ మనసు తేలికపడుతుంది. నాకక్కర్లేదు, ఉంచుకో."

తర్వాత ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. ఆ స్పర్శకు మనసు మార్చుకుందేమోనని ఆశపడ్డాను. రెండు దొప్పల మీది తొడుగులు మెల్లగా విప్పి మడిచి జేబులో పెట్టుకుంది. "ఇవి మా పిన్నివి. ఇవి నేను నీకివ్వలేదు" అని, నన్ను ఎడమ సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది. అతను చేసింది ద్రోహమని అందరూ ఒప్పుకుంటారు. ఆమె నన్ను వదిలేసి పోవడాన్ని ఏమంటారో మీరే చెప్పండి. ఆ మాట తప్పింది నేను కాదు కదా.

నరహరి మళ్ళీ నన్ను పెట్టుకోలేకపోయాడు. రెక్సిను చెమటకు అంటుకుంటోందని చెప్పి కొత్తది కొనుక్కున్నాడు. నన్ను సిబ్బంది గదిలో గోడ కొక్కేనికి తగిలించారు. ఎవరిదైనా చెడిపోతే నన్ను వాడతారు, మళ్ళీ కొక్కేనికి తగిలిస్తారు. హైమ రోజూ నా ముందు నుంచే వెళ్తుంది, ఒక్కసారైనా తలెత్తదు.

నరహరికి శిక్షణ పదవి వచ్చింది. మొన్న ఆ గదిలోనే పాఠం పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళందరూ కూర్చోవాలి. రూలు ప్రకారం తిరిగొచ్చినవాళ్ళు కూడా కొత్తవాళ్ళే, అందుకని హైమ వెనక వరసలో కూర్చుంది. నరహరి చూపించడానికి నన్ను కొక్కెం నుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎదుటివాళ్ళు మీ మాట తిరిగి చెప్పినప్పుడు మీరు కరెక్టని ఒప్పుకోవాల. తప్పయితే దిద్దాల. నవ్వి ఊరుకోకూడదు. మనుషులు చచ్చిపోతారు" అన్నాడు.

వెనక నుంచి హైమ గొంతు వచ్చింది. ఏ తీగా లేకుండా, గాలిలోంచి సూటిగా వచ్చింది.

"తప్పయితే దిద్దాలి. నవ్వి ఊరుకోకూడదు. కరెక్టేనా, కెప్టెన్?"

గదిలో అందరూ నరహరి వైపు చూశారు. ఇది పద్ధతి, జవాబు చెప్పి తీరాలి. అతను నన్ను గట్టిగా బిగించి పట్టుకున్నాడు.

"కరెక్ట్" అన్నాడు.

ఆమె తల ఊపి పుస్తకంలోకి చూసుకుంది. అతను నన్ను కొక్కేనికి తగిలించాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి హైదరాబాదు విమానం ఎక్కారు, అతను ఎడమవైపు, ఆమె కుడివైపు.