ముందే చూసినవాడు

మొగుడు ప్రేమతోనే అడుగుతున్నాడా, మరి దేనికైనా అడుగుతున్నాడా అన్న అనుమానం వాణికి నాలుగేళ్లుగా ఉంది. కట్టుకున్నవాణ్ణి శంకించడం పాపమని పెరిగిన మనిషి. దీపం పెట్టిన ప్రతిసారీ ఆ అనుమానం పోగొట్టు తల్లీ అని చెంపలు వేసుకునేది. సాయంత్రం మురళీధర్ టీ గ్లాసుతో వంటింటి గడప మీద కూర్చుని, "ఈ పొద్దు ఏమన్నా కనపడిందా వాణీ?" అనగానే అది మళ్లీ లేచి కూర్చునేది. నడుం నొప్పి తగ్గిందా అని ఏనాడూ అడగని మనిషి, ఇది మాత్రం ఒక్క పూట కూడా మరిచేవాడు కాదు.

ఇద్దరిదీ మదనపల్లెలో ఒకే ఆఫీసు. టమోటా మండీల్లో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్‌ను వాడి చూసి తప్పులు పట్టడం వీళ్ల పని. సరిచేసేవాళ్లు కుప్పంలో ఉంటారు. రెండు ఊళ్లకూ మధ్య ఇంటర్నెట్‌లో ట్రాకర్ అనే పేజీ ఉంది. తప్పు చూసినవాళ్లు అందులో రాస్తే పైన వాళ్ల పేరు పడుతుంది. అదే తప్పును ఇంకొకరు రాస్తే 'ముందే ఉంది' అని మూసేస్తారు. వాణి రాసినవి చాలావరకు అలాగే మూతపడేవి.

ఆఫీసు ఒకటే అయినా ప్రయాణాలు వేరు. మురళీధర్ పుంగనూరు నుంచి ఎనిమిదికల్లా బైకు తీసేవాడు. "ఇంట్లో పని ముగించుకోని నువ్వు బస్సుకు రా" అనేవాడు. దోసెలు, క్యారియర్లు, అత్త మాత్రలు, అంట్లు ముగించి ఆమె వెళ్లేసరికి పది. ఒక తప్పును రెండోసారి సరిచూసుకోకుండా రాయడం వాణికి చేతకాదు. సాయంత్రం కనిపించినదాన్ని పొద్దున మళ్లీ చూసి రాద్దామని కూర్చునేసరికి అది మురళీధర్ పేరు మీద ఉండేది. "నేనూ సూసినాలే, ఇద్దరి కండ్లూ ఒకటే కదా" అని నవ్వేవాడు. మొదట్లో ఆ మాట ఆమెకు ముచ్చటగానే ఉండేది.

ఎక్కువ తప్పులు పట్టినవాళ్లనే టెస్టింగ్ లీడ్‌గా పెడతామని మేనేజర్ చెప్పిన రోజున ఆ ముచ్చట తీరిపోయింది. నాకూ ఆ పని చేయాలనుందని వాణి ఇంట్లో అంటే, అత్త రత్నమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది. "మొగునికొస్తే పెండ్లానికొచ్చినట్టు కాదా అమ్మాయ్? ఇంటికి ఒక గొడుగు సాలదా?"

"సాలదత్తా. రెండో తలకు ఎండ తగలదా?"

ఆ మర్నాడు సాయంత్రం మురళీధర్ మళ్లీ అడిగాడు. వాణి చపాతీ తిప్పుతూ, "ఒకే బిల్లులో రెండు రకాల టమోటాలేసి, కమీషన్ మార్చి వెనక్కొస్తే మొత్తం సున్నా అయిపోతాంది" అంది. అలాంటి తప్పేదీ లేదు. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన రాయకపోతే ఈ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు కదా తల్లీ, రాయకుండా చూడు, నా అనుమానమే తప్పని తేలనీ, అని రాత్రి పడుకోబోతూ కూడా మొక్కింది.

పొద్దున పేజీ తెరిచింది. లేని తప్పు అక్కడ ఉంది. పైన మురళీధర్ పేరు, పక్కన 'అర్జెంట్'. కింద: 'స్వయంగా రెండుసార్లు పరీక్షించాను.'

సాయంత్రానికి కుప్పంలో తప్పులు సరిచేసే అనూష దాని కింద రాసింది: 'పొద్దుటి నుంచీ వెతుకుతున్నాను సార్, నాకు ఆ తప్పు కనిపించడం లేదు. రేపు మీటింగులో మీరే చూపించండి.'

ఆ రోజు అతను టీ అడగలేదు. లాప్‌టాప్ తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు. "ఏమే, ఆ సున్నా ఎట్లొస్తాదో ఒకసారి సూపీ."

"మీరు రెండుసార్లు సూసినారంట కదా."

"ఎకసెక్కాలొద్దు వాణీ. రేపు అందరి ముందర నా మర్యాద పోతాది."

"అట్లాంటి తప్పే లేదు. నేను కల్పించి చెప్పినా."

అతను లాప్‌టాప్ టపీమని మూశాడు. "కట్టుకున్న మొగునికే పరీక్ష పెడతావా?"

"నాకు జీతమిచ్చేది దానికే కదా."

కల్పించి చెప్పడం ఆమెకు మింగుడు పడలేదు. పాపం, అనూష ఒక రోజంతా లేనిదాన్ని వెతికింది. వాణి చేతులు కడుక్కుని, తన పేరుతో పేజీ తెరిచి, అతను రాసినదాని కిందనే రాసింది: 'ఈ తప్పు లేదు. ఇంట్లో నేను చెప్పిన మాట ఇది. ఇంక వెతకొద్దు అనూషా, నీ రోజు వృథా చేసినందుకు క్షమించు. ఇకమీదట నేను చూసినవి నేనే రాస్తాను.' మీట నొక్కాక సెలవు పెట్టింది.

పొద్దున మురళీధర్ బైకు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దా, ఈ పొద్దు బండి మీదే పోదాం. మీటింగులో ఏదో ఒకటి సర్ది చెబుదువు."

"నాకు లీవు. పిండి ఉండాది, దోసెలు పోసుకోండి. అత్తకు మాత్రలు మర్సిపోవద్దు."

ఉద్యోగం వచ్చిన ఏడాది వాణి బోయకొండ గంగమ్మకు పొంగలి పెడతానని మొక్కుకుంది. చిన్న మొక్కే. ఆదివారం వచ్చినప్పుడల్లా "వచ్చే వారం పోదాంలే" అని అతను అనడం, ఈమె సరేననడం. తను ఒక్కతే బస్సెక్కి వెళ్లవచ్చని ఇన్నేళ్లూ ఎందుకు తోచలేదో!

కొండ దగ్గర మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఎగదోసింది. పొగ కళ్లలోకి కొట్టింది. సంచిలో ఫోను మోగి మోగి ఆగింది. పొంగు తూర్పు వైపుకే పొర్లింది.

గుడిలో పూజారి పళ్లెం అందుకుంటూ అడిగాడు. "ఎవురి పేరు మీదమ్మా?"

"వాణి."

"ఇంటాయన పేరు?"

"ఈ మొక్కు నాదే సామీ."

పూజారి ఆ ఒక్క పేరే చదివాడు. వాణి ఆకులో వేడి పొంగలి పెట్టి, అమ్మ పాదాల ముందుకు జరిపింది.