ముప్పై ఏడు రేవులు

ఆ వాక్యం గంటన్నరగా తెర మీద పసుపు రంగులో నిలబడి ఉంది. "దీర్ఘకాలపు కొలతలున్న ముప్పై ఏడు రేవుల్లో ఇరవై తొమ్మిది చోట్ల సముద్రమట్టం పెరిగే వేగం రెట్టింపయింది: అధిక విశ్వాసం." హాల్లోని దేశాల ప్రతినిధులందరూ ఒప్పుకుంటేనే అది ఆకుపచ్చగా మారుతుంది. ఒక్కరు కాదన్నా కదలదు. 'అధిక విశ్వాసం' అంటే ఆ లెక్క మీద శాస్త్రవేత్తలకు గట్టి నమ్మకముందని. వేల పేజీల వాతావరణ నివేదికకు ముప్పై పేజీల సారాంశం; ప్రభుత్వాలు చదివేది దాన్నే. అందుకే ఐదు రోజులుగా బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాటనూ ఏరుతున్నారు.

వేదిక మీద కూర్చున్న ఇద్దరు శాస్త్రవేత్తలదీ ఆ వాక్యం. ఒకరు మాస్టారు. ఆ రంగంలో సగం మందికి చదువు చెప్పిన మనిషి. పక్కన ఆయన శిష్యురాలు. రేవుల జాబితా తయారుచేసింది ఆమే.

ఎదుటి వరుసలో ఒక ప్రతినిధి మాట్లాడతానంటూ తన దేశం పేరున్న పలక ఎత్తాడు. కామా దగ్గర కూడా తగువు పెట్టుకుంటాడని అందరూ ఆయన్ని చాటుగా 'కామాల పెద్దమనిషి' అనేవారు.

"చిన్న సందేహం. ఈ ముప్పై ఏడూ వేరువేరు రేవులేనా?"

హాల్లో నవ్వులు. కాలయాపనకే అడిగాడని అందరికీ తెలుసు.

"అక్షరాలా" అన్నాడు మాస్టారు మైకులో.

ఆమె మాత్రం నవ్వలేదు. ఈ మాట ఇంతకుముందు ఎవరో అన్నారు. ముసాయిదా మీద ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. వచ్చిన ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. అలా వచ్చిన వేలల్లో ఒకటి, రేవులో నీటిమట్టం కొలిచి రిటైరైన ఓ పెద్దాయనది: "మీ పదకొండో రేవు, ఇరవై ఆరో రేవు ఒకటే." ఆమె చూస్తే పేర్లు వేరు, కొలిచిన చోట్లు వేరు, కొన్నేళ్ళు ఒకేసారి రెండింటికీ కొలతలున్నాయి. పైగా ఆ రోజు అది ఆమె రాసిన నూట నలభయ్యో జవాబు. "తిరస్కరించాం. ఆధారం చూపలేదు" అని కొట్టి ముందుకెళ్ళిపోయింది.

భోజన విరామం ప్రకటించగానే నడవాలోకి పరుగెత్తి, అభిప్రాయాల పట్టికలో ఆయన నంబరు వెతికి ఫోను చేసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కొలబద్ద చూశానమ్మా" అన్నాడు పెద్దాయన. "తుఫానుకి పాత గట్టు పాడైతే మైలు అవతల కొత్తది కట్టి పేరు మార్చారు. ఐదేళ్ళు రెండు చోట్లా నేనే రాశాను. మీరు ఆధారం అడిగారు. నేనే ఆధారం అనుకున్నాను మరి."

"తప్పు నాదేనండీ. ఆ రోజే ఒక్క ఫోను చేయాల్సింది."

"ఇప్పుడు చేశావుగా తల్లీ. పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. ఫోటోలు పంపిస్తానుండు."

పావుగంటలో వచ్చాయి. రెండు పేర్లు, రెండు పుస్తకాలు, ఒకే చేతిరాత.

మాస్టారు ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాడు. "ముప్పై ఆరులో ఇరవై ఎనిమిది అవుతుంది. ఏనుగు మీద దోమ వాలినంత తేడా. సభ అయ్యాక సవరణ వేద్దాం. ఇప్పుడు నోరు విప్పావంటే ఆ కామాల పెద్దమనిషి పేరా మొత్తం మింగేస్తాడు."

"ఆయన సూటిగా అడిగాడు మాస్టారూ. మీరు అక్షరాలా అన్నారు."

"నువ్విచ్చిన జాబితా చూసే అన్నాను!"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. "అందుకే నేనే చెప్తాను" అంది ఆమె.

సభ మొదలవగానే ఆమె మైకు అందుకుంది. ఏ రేవు రెండుసార్లు లెక్కలోకొచ్చిందో, హెచ్చరించిన మనిషికి తానేం జవాబిచ్చిందో దాచకుండా చెప్పింది. కామాల పెద్దమనిషి నిదానంగా పలక నిలబెట్టాడు.

"దొరికింది ఒకటి. దొరకనివి ఎన్నో! పేరా తీసేయండి."

అధ్యక్షురాలు గడియారం చూసింది. "మూడు గంటలు ఇస్తున్నాను. మిగతావన్నీ సరిచూసి రండి. సందేహమున్న ప్రతినిధి కూడా వాళ్ళతో కూర్చోవచ్చు."

ఆయన నిజంగానే వచ్చి కూర్చున్నాడు. కిటికీ లేని చిన్న గదిలో, బల్లకు అటువైపు, చేతులు కట్టుకుని. ఆమె ఒక్కో రేవు చరిత్ర తెరిచింది: ఎప్పుడు కట్టారు, పేరెప్పుడు మారింది, కొలబద్ద ఎక్కడికి జరిగింది. ప్రతిదానికీ ఆయన "ఆధారం?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. రెండుచోట్ల ఆ దేశాల రేవు కార్యాలయాలకు ఫోను చేసి కనుక్కోవాల్సొచ్చింది. చివరికి ముప్పై ఆరూ నిలబడ్డాయి.

"సరే, వాక్యానికి ఒప్పుకుంటాను. 'అధిక విశ్వాసం' అన్న మాటకీ అభ్యంతరం లేదు" అన్నాడు ఆయన హాల్లో. "కానీ దాని కింది పటం? అది పాత జాబితాతో గీసిందే కదా."

ఆయన మాట నిజమే. తీరాలన్నిటినీ రంగుల్లో చూపే ఆ పటం మాస్టారి నాలుగేళ్ళ కష్టం. మళ్ళీ గీయాలంటే కంప్యూటర్లకే పది రోజులు పడుతుంది. సభ రేపటితో సరి. ఆమె మాస్టారి వైపు చూడలేకపోయింది. మైకు మీట నొక్కిన చప్పుడు మాత్రం వినిపించింది.

"పటం వెనక్కి తీసుకుంటున్నాం" అన్నాడు మాస్టారు.

అధ్యక్షురాలి సుత్తి బల్ల మీద పడింది. వాక్యం ఆకుపచ్చగా మారింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"మాస్టారూ…"

"ఇప్పుడేం మాట్లాడకు అమ్మాయ్. కోపం ఇంకా దిగలేదు."

సాయంత్రం హోటలుకు వెళ్ళే బస్సులో ఆయన ముందు సీట్లో ఒంటరిగా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున ఫలహారం దగ్గర మాత్రం వచ్చి, ఆమె పళ్ళెం పక్కన ఒక కాగితం పెట్టాడు. పటానికి వాడే రేవుల్లో పేర్లు మారిన పదహారింటి జాబితా.

"ఆ పెద్దాయన నంబరివ్వు" అన్నాడు. "పటం మళ్ళీ గీయాలి. ఈసారి గీసేముందు ఆయన్నీ, ఆయనలా రేవుల్లో కొలిచిన వాళ్ళనీ అడుగుదాం."